ఆటుపోటుల నడుమ వరిచేను

కేరళమున కొచ్చి నగరమునకు ఉత్తరముగా, పెరియారు నదీశాఖలు సముద్రమును సమీపించు తావున, కడమక్కుడి యను చిన్న దీవుల సముదాయము గలదు. నేల యేదో నీరేదో వెంటనే తెలియని ఈ ప్రదేశమును చూచుటకు యాత్రికులు ఇటీవల కయాకు అను చిన్న పడవలలో వచ్చుచున్నారు. మార్గదర్శి ముందు సాగును. తక్కినవారు అతని ననుసరింతురు. జలవిహారమైన పిదప గట్టెక్కి చేను చూతురు. ఇవి రెండు వేరు వేరు వినోదములుగా కనబడును గాని, పడవను మోయు నీరే ఆ చేనును పండించుచున్నది.

కయాకునకు మూలము ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారు సీలు చర్మముతో కట్టుకొనిన వేటపడవ. నేడు దానిని ఎక్కువగా ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. రెండు కొనలను రెక్కలు గల ఒకే తెడ్డుతో కుడియెడమల నీటిని త్రోసి నడపవలెను. జానెడు లోతు నీటిలోను తేలును గనుక, మరపడవ చొరలేని సన్నని పాయలలో, మడచెట్ల వేళ్ల ప్రక్కగా, చప్పుడు లేక పోగలదు.

ఇచ్చట ప్రయాణవేళను నిర్ణయించువాడు చంద్రుడు. పోటు దినమునకు రెండు మారులు వచ్చును. ఒక పోటునకు, మరియొక పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి ఉదయపు పోటు రేపు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పోటుతో లోనికి పోయి ఆటుతో మరలుట తెలిసినవారి పద్ధతి. ఆటువేళ సన్నపాయలో చిక్కినవాడు బురదపై కూర్చుండి మరల నీరు వచ్చువరకు వేచియుండవలసినదే. మార్గదర్శి యొక్క అవసరము ఇందువలననే. ఈత వచ్చినవారు సైతము లైఫ్ జాకెట్టు ధరింపవలెను.

ఇక చేను. గోదావరి, కృష్ణా తీరముల రైతు ఉప్పునీరు పొలమున చొచ్చినచో పంట పోయినదని దిగులుపడును. ఇచ్చటి పొక్కాళి రైతు ఆ ఉప్పునీటినే పనిలో పెట్టుకొనెను. వానలకు ముందు చేనును ఎండగట్టి, మట్టిని దిబ్బలుగా పోయును. జూన్ నెల వర్షములకు దిబ్బలలోని ఉప్పు కడిగికొనిపోవును. అప్పుడు మొలకెత్తిన విత్తనములను వానిపై చల్లును. సుమారు నెలదినములకు దిబ్బలను కోసి, నారును మట్టితోడనే చేనంతట పరచును. ఎరువు వేయడు, పురుగుమందు చల్లడు. అక్టోబరు, నవంబరు నెలలలో కోత. నీటిలో నిలిచి వెన్నులను మాత్రము కోసికొని, గడ్డిని అచ్చటనే విడుతురు.

ఆ గడ్డి క్రుళ్లి రొయ్యలకు ఆహారమగును. నవంబరు నడుమ నుండి ఏప్రిలు నడుమ వరకు చేను రొయ్యలది. పోటువేళ తూము తెరచి, రాత్రులందు దీపము వ్రేలాడదీయుదురు. వెలుగునకు రొయ్యపిల్లలు లోనికి వచ్చును. ఆటువేళ అవి మరలిపోకుండ తడిక అడ్డుపెట్టుదురు. రొయ్యల మలినము మరుసటి వరికి ఎరువగును.

ఉప్పును తట్టుకొను పొక్కాళి గుణమును శాస్త్రజ్ఞులును గుర్తించిరి. దానికి తోడ్పడు జన్యుభాగమునకు ‘సాల్టాల్’ అని పేరిడి, ఇతర వరి వంగడములలో చేర్చుచున్నారు. 2008లో ఈ వరికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

అయినను సాగు విస్తీర్ణము తగ్గిపోయినది. ఈ బురదలో యంత్రములు దిగవు, కూలీలు దొరకరు. వరికంటె రొయ్యకు రాబడి హెచ్చు. ఏడాది పొడవున ఉప్పునీరు నిలుపు ఆశ అందుచేత కలుగుచున్నది. ఒకే గట్టు, ఒకే తూము క్రింద పలువురి పొలములుండును. వానకాలమున ఒకడు ఉప్పునీరు నిలిపినచో ప్రక్కవాని వరి మొలవదు. వరి మానినచో రొయ్యకు గడ్డి లేదు, చేనునకు విశ్రాంతి లేదు.

కావున ఈ దీవులకు పోవువారు పాయలను మాత్రము చూచి మరలరాదు. కోతకాలమున పోయినచో పండిన చేనును, మాఘమాసమున పోయినచో తూమువద్ద వలలను చూడవచ్చును. గట్టుపై నిలిచి ఈ చేనిలో నేటికిని వరి వేయుచున్నారా యని అడుగుడు. వేయుచున్నచో ఆ బియ్యమును కొంచెము కొనుక్కొని రండు. పడవ ప్రయాణమునకు ఇచ్చు రుసుము కంటె ఆ కొనుగోలు రైతునకు నేరుగా ఉపకరించును.