మాగ్నెటిక్ కేస్ పెట్టాక మ్యాప్స్ దారి తప్పుతోందా? తప్పు మ్యాప్స్‌ది కాదు

పోయిన నెల ఒక మాగ్నెటిక్ కేస్, బైక్ మౌంట్ కొన్నాను. బ్రాండ్ పేరు వద్దులెండి. టక్కున అతుక్కుంది, సూపర్ అనుకున్నా. ఆ సాయంత్రమే అమ్మ కోసం లింగంపల్లి స్టేషన్‌కి బయల్దేరా. సందు మలుపులో ఆగితే మ్యాప్స్‌లో నీలం బాణం వెనక్కి చూపించింది. హైదరాబాద్‌కి కొత్త కదా, నమ్మి తిప్పేశా. అమ్మ బ్యాగుతో 40 నిమిషాలు నిలబడింది.

బండి కదులుతుంటే జీపీఎస్ దిశ పట్టేస్తుంది. ఆగితే భారమంతా కంపాస్ చిప్‌దే. అందులో ముల్లు ఉండదు. కొన్ని ఫోన్లలో హాల్ సెన్సర్, కొన్నింట్లో ఏఎంఆర్, అంటే అనైసోట్రోపిక్ మాగ్నెటోరెసిస్టెన్స్. లోహం రెసిస్టెన్స్ అయస్కాంత దిశని బట్టి మారుతుందని 1850ల్లోనే విలియం థామ్సన్ చూశాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే.

పర్మలాయ్ అనే నికెల్-ఇనుము మిశ్రమాన్ని నానోమీటర్ల మందంలో పొరగా వేస్తారు. కరెంటు, అయస్కాంతత్వం ఒకే దిశలో ఉంటే రెసిస్టెన్స్ ఎక్కువ, అడ్డంగా తిరిగితే తక్కువ. తేడా మహా అయితే 2-3 శాతం. అంత పల్చగా ఎందుకంటే, అప్పుడు అయస్కాంతత్వం పైకి లేవకుండా పొరలోనే పడుకుంటుంది, కాస్త ఫీల్డ్ తగిలినా అటూఇటూ తిరుగుతుంది. ఆ చిన్న తేడాని పట్టడానికి నాలుగు పట్టీలని వీట్‌స్టోన్ బ్రిడ్జిలా కలుపుతారు. అవును, ఇంటర్ ల్యాబ్‌లో పక్కోడి రికార్డ్ చూసి రీడింగ్స్ రాసుకున్న మీటర్ బ్రిడ్జ్ వెనకున్న లెక్కే!

దీని పెద్దన్న జీఎంఆర్. ఇనుము-క్రోమియం పొరల్లో 1988లో ఫెర్ట్, గ్రూన్‌బర్గ్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. హార్డ్‌డిస్కుల సైజు పెరిగింది దానివల్లే. 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

సరే, నా కేస్ సంగతి. ఇక్కడ భూమి ఫీల్డ్ 40 మైక్రోటెస్లాలకి కాస్త అటూఇటూ. సెన్సర్ యాప్‌లో ఉత్త ఫోన్ అంతే చూపించింది. కేస్ తగిలించగానే వందల్లోకి పోయింది. గుసగుస వినాల్సిన చెవి పక్కన డీజే పెట్టినట్టు.

ఫోన్‌ని గాల్లో 8 అంకెలా తిప్పితే చాలంటారు. సగం నిజం. కేస్ అయస్కాంతం ఫోన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి దాని వాటాని సాఫ్ట్‌వేర్ తీసేయగలదు. కానీ మౌంట్‌లో ఇంకో అయస్కాంతం ఉంది, పెట్టి తీసిన ప్రతిసారీ లెక్క మారుతుంది. ఫీల్డ్ మరీ ఎక్కువై సెన్సర్ సాచురేట్ అయితే ఎన్ని 8లు వేసినా దండగ.

కొనేముందు షాపులోనే యాప్ తెరిచి, కేస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చూడండి. నేనైతే మామూలు క్లాంప్ మౌంట్‌కి మారిపోయా. అమ్మ మాత్రం ఇప్పుడు రైలు దిగగానే ఆటో ఎక్కేస్తోంది.