నేలపై పరిచే తీగ: ఫీల్డ్ కేబుల్ కథ

సైన్యం నేల మీద పరిచే టెలిఫోను తీగను ఫీల్డ్ కేబుల్ అంటారు. ముందు వరుసలోని పరిశీలన చౌకీని వెనక ఉన్న ఫిరంగులతోనూ కమాండ్ పోస్టుతోనూ కలిపేది ఇదే. రేడియో మాట శత్రువు చెవినా పడుతుంది, పైగా అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టిస్తుంది. అందుకే వైర్‌లెస్ వచ్చి వందేళ్లు దాటినా తీగ పరిచే లైన్‌మన్ పని పోలేదు. మన సైన్యంలో ఆ బాధ్యత 1911 ఫిబ్రవరి 15న పుట్టిన సిగ్నల్స్ కోర్‌ది.

మొదట్లో ఇది ఒంటి తీగే. ఫోను రెండో కొసను ఇనుప మేకుతో నేలలో దించితే కరెంటు భూమి గుండా తిరిగి వచ్చేది. సగం తీగ మిగిలేది, కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పొదుపు ప్రాణాల మీదికి తెచ్చింది. ఎదురెదురు కందకాల మధ్య దూరం కొన్ని వందల గజాలే. జర్మన్లు నేలలో కడ్డీలు గుచ్చి, దొరికిన కొద్దిపాటి కరెంటును వాల్వులతో పెంచి, బ్రిటిష్ ఆజ్ఞలను విన్నారు. దానికి విరుగుడుగా 1915లో కెప్టెన్ ఫుల్లర్ అతి స్వల్ప కరెంటుతో నడిచే ఫుల్లర్‌ఫోన్ తయారుచేశాడు. అసలైన మందు మాత్రం మెలితిప్పిన జంట తీగ. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు సమానంగా, ఎదురుగా ఉంటాయి కనుక వాటి ప్రభావాలు బయట రద్దవుతాయి. గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందాడు. సైన్యాలకు దాని విలువ కందకాల్లో తెలిసింది.

తీగలో రాగి ఒక్కటే ఉంటే జీపు చక్రం కింద తెగిపోతుంది. పేరున్న అమెరికన్ డబ్ల్యూడీ-1 తీగలో ఒక్కో వాహకానికి 4 రాగి పోగులు, 3 ఉక్కు పోగులు ఉంటాయి. రాగి మాటను మోస్తుంది, ఉక్కు లాగుడును తట్టుకుంటుంది. పైన పాలిథిన్ పూత, దాని మీద నైలాన్ తొడుగు.

పనితనమంతా జాయింటులో తెలుస్తుంది. జంటలోని రెండు అతుకులూ ఒకేచోట పడితే ఒకదానికొకటి తగిలే ప్రమాదముంది. అందుకని ఒక తీగను కటింగ్ ప్లయర్ పొడవంత పొట్టిగా కత్తిరిస్తారు. తొడుగు ఒలిచి, లాగేకొద్దీ బిగిసే రీఫ్ ముడి వేసి, దానిపై సన్నని రాగితీగ చుట్టి, ఆపైన టేపు బిగిస్తారు. టేపు కింద చెమ్మ చేరితే నాలుగు రోజుల్లోనే గొంతు గరగరలాడుతుంది.

లోపం కనిపెట్టడానికి పాత ఫీల్డ్ టెలిఫోనే పరీక్ష యంత్రం. మాటకు రెండు బ్యాటరీ సెల్‌లు చాలు, అవతలి గంట మోగించడానికి పక్కనున్న పిడి తిప్పాలి. లోపలి అయస్కాంత జనరేటర్ తిరిగి విద్యుత్తు పుడుతుంది. తీగ తెగిపోయి ఉంటే పిడి తేలిగ్గా తిరుగుతుంది. రెండు తీగలూ తగులుకుని ఉంటే చేతికి బరువు తగులుతుంది. చీకట్లో, మీటరు లేకుండా, అనుభవమున్న లైన్‌మన్ చేతితోనే లోపం ఏ రకమో చెప్పగలడు.

ఈ రోజుల్లో ప్రధాన మార్గాల్లో గాజు తీగ పనిచేస్తోంది. అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా పోయే విజయవాడ హైవే లాంటి దారుల వెంట పౌర టెలికాం సంస్థలు పాతేదీ ఇలాంటిదే. తలవెంట్రుకంత గాజుపోగులో కాంతి పరుగెత్తుతుంది, కరెంటు ఉండదు కనుక నేలలో కడ్డీ గుచ్చి వినేందుకు ఏమీ మిగలదు. ఇక్కడ ముడి పనికిరాదు: రెండు కొసలనూ శుభ్రంగా, నిటారుగా కోసి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతుకుతారు. ఒక్క ధూళికణం పడినా అతుకు చెడుతుంది కనుక మైదానంలో ఆ పనిని గుడారంలోనో బండిలోనో చేస్తారు. లోపం వెతకడానికి కాంతి స్పందన పంపి, విరిగినచోటి నుంచి తిరిగొచ్చిన సమయం కొలుస్తారు. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10 మైక్రోసెకన్లలో తిరిగొస్తే పగులు దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు.