చెప్పకుండా చెప్పే చీటీ

గుమ్మానికి మామిడాకుల తోరణం కడితే ఆ ఇంట్లో శుభకార్యమని నలుగురికీ తెలుస్తుంది. 2020 జూలైలో మా గుమ్మానికి ఒక కాగితం అంటించారు. మా ఇంట్లో కరోనా వున్నదని నలుగురికీ తెలిసింది.

జబ్బు చేసింది మా బావమరిదికి. నాలుగు రోజులు చూసి పోదామని వచ్చి, లాక్‌డౌన్‌లో మా ఇంట చిక్కుబడిపోయిన కుర్రవాడు. వారం రోజుల జ్వరంతో తేలిగ్గానే గట్టెక్కాడు. గట్టెక్కనిది మేమే. అతని పేరు, వయస్సు, మా ఇంటి నెంబరుతో సహా ఒక జాబితా ఆ సాయంత్రానికే వాట్సాప్‌లో వీధి వీధంతా తిరిగింది. పాలబ్బాయి పాకెట్లు గేటు దగ్గర పడేసి పరుగెత్తాడు. పదిహేనేళ్ళుగా పలకరిస్తున్న ఎదురింటివారు కిటికీ తలుపులు మూసుకున్నారు. "మనమేం నేరం చేశామండీ?" అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అంతకన్నా పెద్ద ముప్పు మా కింది వాటాలో జరిగింది. అక్కడ డెబ్బై దాటిన మామ్మగారు ఒకరు ఒంటరిగా వుంటారు. ఆమెకు దగ్గు పట్టుకుంది. అయిదు రోజులపాటు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారే కాని ఎవరితోనూ అనలేదు. ఆరోనాడు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. "ముందే చెప్పలేదేం మామ్మగారూ?" అని ఫోనులో అడిగాను. "మీ గుమ్మానికి కాగితం అంటించారు గదా నాయనా! నా గుమ్మానికీ అంటిస్తారని భయపడ్డాను" అన్నారామె.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అంటువ్యాధిని అరికట్టాలంటే రోగి ఎవరెవరిని కలిశాడో తెలియాలి. దీన్నే కాంటాక్ట్ ట్రేసింగ్ అంటున్నారు. కాని పేరు బయటపడుతుందన్న భయం వుంటే రోగి దాక్కుంటాడు. అతనితో పాటు రోగమూ దాక్కుంటుంది. మరి పేరు బయటపెట్టకుండా, కలిసినవారిని మాత్రం హెచ్చరించడం సాధ్యమేనా?

సాధ్యమేనని ఆ సంవత్సరంలోనే కొందరు శాస్త్రజ్ఞులు చేసి చూపించారు. వారి ఉపాయం చెబుతాను, వినండి.

తీగ లేకుండా పాటలు వినడానికి మనం వాడే బ్లూటూత్ ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ వుంటుంది. దగ్గర్లో వున్న మరో ఫోనును అది పలకరించగలదు. ఇప్పుడొక పెళ్ళిపందిరి ఊహించుకోండి. వచ్చిన ప్రతివారి చేతిలోనూ చీటీల కట్ట వుంది. చీటీ మీద పేరు లేదు, ఊరు లేదు. అర్థంపర్థం లేని ఒక అంకె మాత్రం వుంది. పక్కన కూర్చున్నవారికి ఒక చీటీ ఇచ్చి, వారిది ఒకటి పుచ్చుకుంటారు. పది ఇరవై నిమిషాలకోసారి అంకె మారిపోతుంది. కనుక ఇందాకటి చీటీ, ఇప్పటి చీటీ ఒకరివేనని ఎవరూ పోల్చుకోలేరు. మన జేబుల్లో వుండి ఫోనులు చేసే పని ఇదే.

వారం తరవాత ఆ పెళ్ళికి వచ్చినవారిలో ఒకరికి జబ్బు తేలిందనుకోండి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. మొదటి దారిలో, రోగి తాను పుచ్చుకున్న చీటీలన్నీ కరణంగారికి అప్పజెబుతాడు. ఏ అంకె ఎవరిదో కరణంగారి చిఠ్ఠాలో వుంటుంది. ఆయనే అందరికీ కబురు పంపుతాడు. పని చప్పున తెములుతుంది. కాని ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఆయనకు తెలిసిపోతుంది. రెండో దారిలో, రోగి తాను పంచిన అంకెలను మాత్రం రచ్చబండ దగ్గర పలక మీద రాయిస్తాడు. తక్కినవారు ఆ అంకెలను తమ దగ్గరున్న చీటీలతో ఎవరింట్లో వారు సరిచూసుకుంటారు. కలిస్తే జాగ్రత్తపడతారు. కరణంగారికి ఏమీ తెలియదు.

సింగపూరు మొదటి దారి తొక్కింది. 2020 మార్చి 20న ట్రేస్‌టుగెదర్ అనే యాప్ విడుదల చేసింది. ఐరోపాలో, స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో పనిచేస్తున్న కార్మెలా ట్రొంకోసో అనే ఆమె నాయకత్వాన కొందరు శాస్త్రజ్ఞులు రెండో దారి వేశారు. ఏప్రిల్ 10న ఆపిల్, గూగుల్ కంపెనీలు, బజారులో బద్ధవిరోధులైనా, చేతులు కలిపాయి. ఈ రెండో పద్ధతికే ఉమ్మడి ప్రమాణం ఏర్పరుస్తామని ప్రకటించి, మే 20న అందించాయి. దానికి పెట్టిన షరతులు గట్టివి: ప్రజారోగ్య శాఖలు తప్ప మరెవరూ వాడరాదు, మనిషి ఎక్కడ తిరిగాడో అడగరాదు.

ప్రపంచంలోని స్మార్ట్‌ఫోనులు దాదాపు అన్నీ ఈ ఇద్దరి చేతిలోవే. అందుచేత ప్రభుత్వాలకు సైతం సర్దుకోక తప్పలేదు. జర్మనీ ఏప్రిల్ 26న దారి మార్చుకుంది. బ్రిటన్ మాత్రం పట్టుబట్టి, వైట్ దీవిలో మొదటి రకం యాప్‌ను పరీక్షించింది. ఐఫోను జేబులో నిద్రపోతున్నప్పుడు పరాయి యాప్‌ను బ్లూటూత్ ఇష్టం వచ్చినట్టు వాడుకోనివ్వదు. దానితో ఆ యాప్ నూరు ఆండ్రాయిడ్ ఫోనుల్లో 75 గుర్తుపట్టింది, నూరు ఐఫోనుల్లో 4 మాత్రమే! జూన్ 18న ఆ ప్రయత్నం కట్టిపెట్టి, రెండో రకం యాప్‌ను సెప్టెంబరు 24న తెచ్చారు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని రెండు కంపెనీలు శాసించడమేమిటని అడిగినవారూ వున్నారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది.

మన ఆరోగ్యసేతు 2020 ఏప్రిల్ 2న వచ్చింది. పేరు, ఫోను నెంబరు, వయస్సు, వృత్తి అడిగేది. బ్లూటూత్‌తో పాటు మనిషి వున్న చోటును కూడా గుర్తుపెట్టుకునేది. ఉద్యోగులందరికీ తప్పనిసరి అని మే 1న ఉత్తర్వు వేసి, విమర్శలు రేగాక మే 17న సడలించారు. సేకరించిన సమాచారం సాధారణంగా 180 రోజులకు మించి వుంచరాదని నియమం పెట్టారు. ఆ సేకరణ ఆపివేశామనీ, సేకరించింది చెరిపివేశామనీ 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఇంతకీ ఈ రెండు దారుల్లో మనం నమ్మదగ్గది ఏది? రెండు సంగతులు చెబుతాను, తీర్పు మీదే.

ట్రేస్‌టుగెదర్ సమాచారం రోగులను కలిసినవారిని వెతకడానికి తప్ప మరి దేనికీ వాడమని సింగపూరు మంత్రి 2020లో ప్రజలకు మాట ఇచ్చారు. 2021 జనవరిలో మరో మంత్రి, నేరవిచారణ కోసం పోలీసులు ఆ సమాచారం తీసుకోవచ్చునని పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. అప్పటికే ఒక హత్య కేసులో వాడారు కూడా. జనం మండిపడితే, ఏడు రకాల ఘోర నేరాలకు మాత్రమే వాడాలని ఫిబ్రవరిలో చట్టం చేశారు.

అదే 2021 ఏప్రిల్‌లో, జబ్బుపడినవారు ఏయే హోటళ్ళకు, దుకాణాలకు వెళ్ళారో ఆ జాబితా పంపించే సదుపాయాన్ని ఇంగ్లండు, వేల్సుల యాప్‌లో చేర్చబోయారు. అది ప్రమాణానికి విరుద్ధమని ఆపిల్, గూగుల్ ఒప్పుకోలేదు. ఆ మార్పు ఆగిపోయింది.

మొదటి చోట మాట ఇచ్చారు. రెండో చోట తాళం వేశారు. ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే అయినా, అవసరం ముంచుకొచ్చినప్పుడు మాట జారిపోతుంది; తాళం జారదు.

తాళం వేసినందువల్ల పని చెడలేదు సుమండీ! ఇంగ్లండు, వేల్సుల యాప్‌ను 1.65 కోట్ల మంది వాడారు. 2020 చివరి మూడు నెలల్లో సుమారు 17 లక్షల హెచ్చరికలు వెళ్ళాయి. అందువల్ల సుమారు 2.8 లక్షల నుంచి 6 లక్షల వరకు కేసులు తప్పాయని నేచర్ పత్రికలో 2021లో వచ్చిన పరిశోధన అంచనా వేసింది.

లోపాలు లేకపోలేదు. గోడకు అవతల వున్న మనిషిని బ్లూటూత్ పక్కనున్నవాడిగా పొరబడవచ్చు. మామ్మగారి దగ్గరున్నది బటన్ల ఫోను. దానిలో ఈ యాప్‌లేవీ పనిచేయవు. అటువంటి పెద్దవారికోసం సింగపూరు జేబులో వేసుకునే చిన్న బిళ్ళలు పంచింది.

గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పిన దేశం మనది. విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రత్యేక ఆదేశం వుంటే తప్ప రోగుల ఇళ్ళకు కాగితాలు అంటించరాదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది. మా గుమ్మం మీది కాగితం అప్పటికే ఎండి రాలిపోయింది. జిగురు మరక మాత్రం పోలేదు.

మామ్మగారు భగవంతుడి దయవల్ల పద్దెనిమిది రోజులకు ఇంటికి వచ్చారు. ఒకనాడు కాఫీ తాగుతూ ఈ చీటీల కథంతా ఆమెకు చెప్పాను. సాంతం విని, గ్లాసు కింద పెట్టి అన్నారు:

"పేరు చెప్పక్కర్లేదంటే మొదటిరోజే చెప్పేదాన్ని గదా, నాయనా!"