రక్తపోటు – మూత్రపిండం

రక్తపోటు అనగానే మనకు గుండె స్ఫురిస్తుంది. కాని ఆ పోటును పెంచే ఒక గొలుసుకు మొదలు మూత్రపిండంలో ఉంది. కుందేలు మూత్రపిండపు సారాన్ని మరొక కుందేలు రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతుందని స్టాక్‌హోంలో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1898లో ప్రకటించారు. అందులోని పదార్థానికి ‘రెనిన్’ అని పేరు పెట్టారు. ఇంతటి విషయాన్ని వైద్యలోకం మూడు దశాబ్దాలకు పైగా పట్టించుకోలేదు. 1934లో అమెరికా వైద్యుడు గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని నొక్కి ఉంచి, రక్తపోటు పెరగడాన్ని నిరూపించిన తరువాతనే దానికి మళ్ళీ గౌరవం దక్కింది.

చిత్రమేమంటే, రెనిన్ స్వయంగా రక్తనాళాలను బిగించదు. కాలేయం నుండి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీను నుండి చిన్న తునకను వేరుచేస్తుంది, అంతే. ఆ తునకను ముఖ్యంగా ఊపిరితిత్తులలోని మరొక ఎంజైము ‘యాంజియోటెన్సిన్-2’గా మారుస్తుంది. నాళాలను కుంచింపజేసేదీ, ఉప్పునూ నీటినీ శరీరంలో నిలిపేదీ ఇదే. గాయమై రక్తం పోయినప్పుడు ఈ ఏర్పాటే ప్రాణం నిలుపుతుంది; అదుపు తప్పితే ఏ బాధా తెలియకుండానే గుండెనూ, మెదడునూ, మూత్రపిండాన్నీ దెబ్బతీస్తుంది.

గొలుసును మధ్యలో తెంచే ఉపాయం బ్రెజిల్‌లోని జరరాకా అనే పాము విషాన్ని పరిశోధించగా దొరికింది. ఆ ఆధారంతో రూపొందిన కాప్టోప్రిల్‌ను 1981లో అమెరికా ఆమోదించింది. నేటి రామిప్రిల్, ఎనాలాప్రిల్ మాత్రలు దాని తోబుట్టువులే.