రంగు చూసి పంతులును ఎంచుకుంటే

పావగడకు నేరుగా తూర్పున పెనుకొండ. 2017లో అక్కడ కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరింది, 2019కల్లా కార్లు బయటికి వచ్చాయి. అంతవరకూ సీరియళ్ళలోనూ సెల్‌ఫోన్ల మీదా మాత్రమే కనిపించిన కొరియా, పావగడ తాలూకా తిరుమణి లాంటి ఊళ్ళకు ఒక్కసారిగా పొరుగు దేశమైపోయింది. ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లలు కొరియన్ల కింద పనిచేస్తున్నారు. వాళ్ళ కోసం ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు, హోటళ్ళు నడిపేవాళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ఇంత దగ్గరైన సమాజాన్ని సీరియళ్ళు చూసి మాత్రమే తెలుసుకుంటే చాలదు. ఆ సమాజంలో బయటివాళ్ళు ఎలా బతుకుతున్నారో కూడా చూడాలి. అందులో మనకు ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ, కొరియన్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్ళిన నల్లజాతి ఉపాధ్యాయులది. వాళ్ళకు రోజూ ఎదురయ్యే చిన్నచూపుకు కారణం అజ్ఞానమని కొందరు, ద్వేషమని కొందరు అంటారు. నా వాదన వేరు. మనిషిని ముఖం చూసి ఎంచుకోవడానికి నియమాలు ఇచ్చిన అనుమతే దానికి మూలం. ఆ అనుమతిని తీసేయకుండా మంచితనం మీద భారం వేస్తే ఏమీ మారదు. ఈ మాట కొరియాకు ఎంత వర్తిస్తుందో హైదరాబాదుకూ బెంగళూరుకూ అంతే వర్తిస్తుంది.

ముందు కొరియాలో ఇంగ్లిష్‌కు ఉన్న గిరాకీ చూడాలి. ఏటా నవంబరులో జరిగే సునుంగ్ పరీక్ష అక్కడి పిల్లల కాలేజీ చదువును తేలుస్తుంది. అందులో ఇంగ్లిష్ విని జవాబు రాసే భాగం జరుగుతున్నంతసేపూ దేశంలో విమానాలు ఎగరవు, దిగవు. ఆ పరీక్షకు చిన్నప్పటినుంచే సిద్ధం చేయడానికి హాగ్వన్ అనే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లు వీధివీధినా ఉన్నాయి. ప్రభుత్వ బడుల కోసం 1995లో ఎపిక్ అనే పథకం పెట్టి విదేశాల నుంచి ఉపాధ్యాయులను రప్పించడం మొదలుపెట్టారు. ఈ ఉద్యోగానికి ఇచ్చే ఇ-2 వీసా ఏడు దేశాల పౌరులకే పరిమితం: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న నైజీరియా, ఘనా, జమైకా ఆ జాబితాలో లేవు. మన దేశమూ లేదు. 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత-కొరియా ఆర్థిక ఒప్పందం సెపా ద్వారా మన ఇంగ్లిష్ ఉపాధ్యాయులకు ఒక దారి తెరుచుకుంది గానీ, అది బడుల్లో సహాయ ఉపాధ్యాయుల స్థానానికే. కాబట్టి కొరియాలో ఇంగ్లిష్ చెప్పే నల్లజాతి ఉపాధ్యాయులు ఎక్కువగా ఈ ఏడు దేశాల వాళ్ళే. వాళ్ళకు ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చిన భాష, డిగ్రీ ఉంది, నేరచరిత్ర లేదని ధ్రువపత్రం ఉంది. కాగితాల ప్రకారం తెల్ల ఉపాధ్యాయులకూ వీళ్ళకూ తేడా లేదు.

తేడా మొదలయ్యేది ఫొటో దగ్గర. దరఖాస్తుతో పాటు ఫొటో అడగడం అక్కడ ఏళ్ళ తరబడి సాగుతున్న ఆనవాయితీ. గొంతు వినకముందే, పాఠం చెప్పే తీరు చూడకముందే యజమాని ముఖం చూస్తాడు. తెల్లవాళ్ళే కావాలని ప్రకటనల్లో బాహాటంగా రాసిన సందర్భాలున్నాయి. రంగు కారణంగా ఉద్యోగం ఇవ్వలేమని ఒక నల్లజాతి అమెరికన్‌కు సందేశం పంపిన ఉదంతం 2014లో అంతర్జాతీయ వార్త అయింది. ఉద్యోగం దొరికినవాళ్ళకైనా అంతా సాఫీగా సాగదు. మెట్రోలో పక్క సీటు ఖాళీగా ఉండిపోతుంది. చిన్న పిల్లలు చేతిమీద వేలితో రుద్ది రంగు వస్తుందేమో చూస్తారు. అనుమతి అడగకుండా జుట్టు ముట్టుకుంటారు. ఏ దేశమని అడిగి, అమెరికా అంటే నమ్మక, అసలు ఏ దేశమని మళ్ళీ అడుగుతారు. వీటిలో చాలావాటి వెనక పగ లేదు. అదే పిల్లలు నెల తిరిగేసరికి ఆ టీచర్‌కు చేరువైపోతారు, సెలవు పెడితే బెంగపెట్టుకుంటారు. అయినా ఆ మనిషి ప్రతి ఏడాదీ, ప్రతి కొత్త తరగతిలోనూ తాను మనిషినని, టీచర్‌నని మొదటినుంచీ రుజువు చేసుకోవాలి. తెల్ల ఉపాధ్యాయుడు గదిలో అడుగుపెట్టగానే అందుకునే గౌరవం కోసం ఇతను నెల రోజులు అదనంగా పనిచేయాలి. ఈ అదనపు పనికి జీతం లేదు, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

దీనికి తరచూ వినిపించే సమాధానం ఒకటుంది. కొరియన్లు ఒకే జాతిగా బతికినవాళ్ళు, నల్లవాళ్ళను చూడటం కొత్త, అలవాటైతే సర్దుకుంటుంది అని. చరిత్ర ఈ మాటను నిలబడనివ్వదు. 1950లో యుద్ధం మొదలైనప్పుడు దక్షిణ కొరియా కోసం పోరాడిన అమెరికా సేనలో నల్లజాతి సైనికుల 24వ పదాతి రెజిమెంటు ఉంది. అమెరికా సైన్యంలో నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేర్వేరు దళాలుండే పద్ధతి చాలావరకు ముగిసింది ఆ యుద్ధంలోనే. ఇథియోపియా తన కాగ్న్యూ బెటాలియన్లను ఆఫ్రికా నుంచి అంత దూరం పంపింది. ఆ సైనికుల్లో నూరు మందికి పైగా కొరియా నేల మీదే ప్రాణాలు విడిచారు. వాళ్ళకు చున్‌చాన్ నగరంలో స్మారకం ఉంది. ఆ యుద్ధం తరువాత కూడా అమెరికా శిబిరాలు అక్కడే ఉండిపోయాయి. అంటే నల్లని మనిషి కొరియాకు కొత్త కాదు, డెబ్బై ఏళ్ళ పాతకాపు. కొరియా యువత పాడే ర్యాప్, ఆడే హిప్‌హాప్ నల్లజాతి వాళ్ళు పుట్టించినవే. అయినా 2020లో ఉయ్‌జాంగ్‌బూ నగరపు హైస్కూలు పిల్లలు శవపేటికను మోస్తూ నాట్యం చేసే ఘనా నృత్యకారులను అనుకరిస్తూ ముఖాలకు నలుపు పూసుకుని ఫొటో దిగారు. ఘనా నుంచి వచ్చి కొరియా టీవీలో పేరు తెచ్చుకున్న సామ్ ఒక్యెరె అది బాధ కలిగించిందని చెప్పాడు. చివరికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది ఆయనకే.

పరిచయమే మందు అయితే హైదరాబాదుకు ఈపాటికి జబ్బు నయం కావాలి. వనపర్తి రాజావారి అంగరక్షకులుగా మొదలై నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ అశ్విక దళం పేరునే ఇవాళ్టికీ ఏసీ గార్డ్స్ అని పిలుస్తున్నాం. సిద్దీలనే ఆ ఆఫ్రికన్ల వారసులు తరాలుగా ఆ నగరవాసులే. పాతబస్తీ పెళ్ళిళ్ళలో మోగే మర్ఫాలో వాళ్ళ చేతివాటం ఉంది. అదే నగరంలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. భారత ప్రభుత్వ పథకాల కింద ఆఫ్రికా దేశాల వాళ్ళు ఇంగ్లిష్ శిక్షణకు అక్కడికి వస్తుంటారు. ఉస్మానియాలోనూ ఆఫ్రికన్ విద్యార్థులు చాలాకాలంగా చదువుతున్నారు. ఇంత పాత బంధం ఉండి కూడా అద్దె ఇల్లు వెతుక్కునే ఆఫ్రికన్ విద్యార్థికి గేటు దగ్గరే లేదనే జవాబు వస్తుంది, లేదా అద్దె పెరుగుతుంది. నలుపు నారాయణుడు మెచ్చు అని సామెత చెప్పుకుంటూనే పెళ్ళి ప్రకటనల్లో తెల్లని వధువు కావాలని అచ్చువేయించుకుంటున్నాం. పెనుకొండ దగ్గర కొరియన్ ఇంజినీరూ విదేశీయుడే, బెంగళూరులో సూడాన్ విద్యార్థీ విదేశీయుడే. ఇద్దరి తిండీ మనకు కొత్తే, ఇద్దరి భాషా మనకు రాదు. ఒకరికి దొరికే ఆహ్వానం ఇంకొకరికి దొరకడం లేదంటే మనం తూచేది కొత్తదనాన్ని కాదు. డబ్బునూ రంగునూ తూస్తున్నాం.

ఇంకొక అభ్యంతరం డబ్బు కట్టే తల్లిదండ్రులది. మా పిల్లలకు అసలైన ఉచ్చారణ కావాలి, ఎవరు చెప్పాలో ఎంచుకునే హక్కు మాకు లేదా అని వాళ్ళడుగుతారు. ఉచ్చారణ కోరుకోవడంలో తప్పులేదు. అయితే దాన్ని పరీక్షించేది చెవి. ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడితే తేలిపోయే విషయానికి ఫొటో ఎందుకు? అట్లాంటాలో పుట్టిన నల్లజాతి ఉపాధ్యాయురాలి ఇంగ్లిష్ తాతముత్తాతల నుంచి వచ్చిన ఇంగ్లిష్. ఫొటో చూసి ఆమెను పక్కనపెట్టి, సాహిత్యమూ బోధనా చదవని ఒక తెల్ల యువకుణ్ణి తీసుకుంటే నష్టపోయేది పిల్లలే. పుట్టిన నేలకూ నోటి భాషకూ ఇలాంటి గిరిగీతలు చెల్లవని పావగడ తాలూకా వాళ్ళకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తిరుమణి కర్ణాటకలో ఉంది. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పటంలో గీత అటుపక్క ఉందని వాళ్ళ తెలుగును ఎవరైనా అరువు తెలుగంటే ఒప్పుకుంటామా? ఏ భాషైనా దాన్ని బతికిస్తున్న నోళ్ళన్నిటిదీ. ఇంగ్లిష్ కూడా అంతే.

మూడో అభ్యంతరం భద్రత గురించి, మన నగరాల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. కొందరు ఆఫ్రికన్లు మాదకద్రవ్యాల కేసుల్లో దొరికారు, వీసా గడువు దాటి ఉంటున్నారు, అందుకే ఇల్లివ్వం అంటారు. దొరికినవాళ్ళున్నారు, వాళ్ళను చట్టం చూసుకోవాలి. ఒకడి నేరాన్ని ఆ రంగు వాళ్ళందరికీ పూస్తే ఏమవుతుందో 2016 జనవరి 31న బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట దగ్గర చూశాం. ఒక సూడాన్ వ్యక్తి నడిపిన కారు కింద పడి ఒక మహిళ చనిపోయింది. ఆ తరువాత అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిని గుంపు పట్టుకుని కొట్టింది. దేశం వేరు, మనిషి వేరు, ప్రమాదంతో ఆమెకు సంబంధమే లేదు. కొరియా కూడా ఇలాంటి తర్కంతోనే ఒక తప్పు చేసింది. ఒక విదేశీ ఉపాధ్యాయుడు పిల్లలపై లైంగిక నేరాల కేసులో పట్టుబడ్డాక, 2007లో విదేశీ ఇంగ్లిష్ టీచర్లకు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి చేసింది. కొరియన్ టీచర్లకూ, విదేశీ పౌరసత్వం ఉన్న కొరియా సంతతి టీచర్లకూ అది లేదు. న్యూజిలాండ్ ఉపాధ్యాయురాలొకరు ఒప్పుకోక ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్ళారు. అది వివక్షేనని 2015లో కమిటీ తేల్చింది. 2017లో కొరియా ఆ పరీక్షను ఎత్తేసింది. మనిషిని మనిషిగా పరిశీలించే మార్గం మన దగ్గరా ఉంది. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. పాస్‌పోర్టు, వీసా చూసే పద్ధతి చేతిలో ఉండగా చర్మం చూసి తీర్పు చెప్పడానికి భద్రత సాకు కాకూడదు.

మనకెందుకు ఈ గొడవ, మనవాళ్ళే బయట అవమానాలు పడుతున్నారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, అందుకే ఇది మన గొడవ. 2009 జులైలో కొరియాలోని బుచాన్‌లో బస్సెక్కిన భారతీయ పరిశోధక ఆచార్యుడు బోనోజిత్ హుసేన్‌ను ఒక ప్రయాణికుడు రంగు పేరుతో తిట్టాడు. పోలీసులు ఆయన ప్రొఫెసరంటే ముందు నమ్మలేదు. కోర్టు నిందితుడికి 10 లక్షల వన్‌ల జరిమానా వేసింది, కానీ జాతివివక్షకు ప్రత్యేక చట్టం లేక మామూలు అవమానం కేసు కింద వేయవలసి వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల జాతి విద్వేషపు తూటాకు బలయ్యాడు. తెలుగునాట ప్రతి ఇల్లూ ఆ కుటుంబం కోసం కన్నీరు పెట్టింది. నెల దాటగానే, 2017 మార్చిలో, గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులపై గుంపులు విరుచుకుపడ్డాయి. అంతకు ముందు ఏడాది ఢిల్లీలో ఒక కాంగో యువకుణ్ణి కొట్టి చంపారు. ఆయన అక్కడ ఫ్రెంచి పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు. కాన్సస్‌లో న్యాయం అడిగిన గొంతుతోనే ఢిల్లీలోనూ అడగగలిగితేనే మన దుఃఖానికి విలువ ఉంటుంది.

అందుకని నియమాల సంగతికి రావాలి. కొరియా 1978లోనే జాతివివక్ష నిర్మూలన ఒడంబడికను ఆమోదించింది. అన్ని రకాల వివక్షనూ నిషేధించే బిల్లు 2007 నుంచి ఎన్నిసార్లు వచ్చినా చట్టం కాలేకపోయింది. అయితే దారి లేకపోలేదని అదే దేశం చూపించింది. 2017లో ప్రభుత్వరంగ ఉద్యోగాల దరఖాస్తుల్లో ఫొటో, కుటుంబం, చదివిన కాలేజీ వివరాలు తీసేసి ఎంపిక చేసే పద్ధతి తెచ్చింది. సొంత పౌరుల కోసం చేయగలిగిన పని హాగ్వన్‌లలో విదేశీ టీచర్ల కోసమూ చేయవచ్చు. మన రాజ్యాంగంలో 15వ అధికరణం వివక్ష నుంచి పౌరులకే రక్షణ ఇస్తుంది. 14, 21 అధికరణాలు ఈ నేల మీదున్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తాయి, కానీ ఇల్లు ఇవ్వని యజమాని దాకా, ఉద్యోగం ఇవ్వని ప్రైవేటు బడి దాకా అవి సులువుగా చేరవు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళపై దాడుల తరువాత 2014లో బెజ్‌బరువా కమిటీ చట్టంలో మార్పులు సూచించింది. ఇల్లు, ఉద్యోగం, చదువు విషయాల్లో రంగు, జాతి చూపి నిరాకరించడాన్ని నేరంగా చూసే చట్టం మనకు కావాలి. అది పౌరులనే కాక ప్రతి వ్యక్తినీ కాపాడాలి.

చట్టం మనసులను మార్చదని చివరిగా ఒక మాట అంటారు. మనసులు మారేదాకా ఆగమంటే, అవమానపడే మనిషిని తన జీవితకాలమంతా ఆగమనడమే. నియమం మారితే ముందు మారేది గదిలో ఎవరు నిలబడతారన్నది. ఫొటో లేని దరఖాస్తుతో ఎంపికైన నల్లజాతి టీచర్ దగ్గర చదువుకున్న కొరియన్ పిల్ల పెరిగి పెద్దదై తానొక బడి నడిపితే, ఫొటో అడగాలన్న ఆలోచన ఆమెకు రాకపోవచ్చు. ఆ పని మన ఊళ్ళలోనూ మొదలుపెట్టవచ్చు. పావగడ, పెనుకొండ, మడకశిర చుట్టూ ఉన్న ఇంగ్లిష్ మీడియం బడులు రేపు టీచర్లను తీసుకునేటప్పుడు ఫొటో అడగడం మానేసి, తరగతిలో ఒక పాఠం చెప్పించి చూడాలి. దానికి ఏ చట్టం కోసమూ ఎదురుచూడనక్కరలేదు.