అమెరికాలో అధ్యక్షపదవికి అభ్యర్థి యెవడగునో ముందుగా చెప్పవచ్చునా?



అమెరికా సంయుక్తరాష్ట్రములకు 2025 జనవరిలో ఉపాధ్యక్షులైన జె. డి. వాన్సుగారి భార్య ఉషగారి తల్లిదండ్రులు ఆంధ్రదేశమునుండి అచ్చటికి వలసపోయినవారు. అందుచే 2028లో రిపబ్లికను పక్షము ‘మన యల్లుని’నే అధ్యక్షపదవికి నిలుపునా యని మనవారు అడుగుట సహజము. జ్యోతిష్కుడు దీనికి తడుముకొనక బదులు చెప్పును. నాకా విద్య లేదు గనుక చరిత్రనే యడిగెదను.

అధ్యక్షుని ఎన్నుకొనుట వేఱు, పక్షము తన అభ్యర్థిని ఎన్నుకొనుట వేఱు. ఈ రెండవదానిని గూర్చి ఆ దేశపు రాజ్యాంగమున ఒక్క మాటయు లేదు. పూర్వము పక్షప్రతినిధులు మహాసభగా కూడి, ఒకనికి చాలినన్ని వోట్లు వచ్చువఱకు విడతలు విడతలుగా వోటు చేయుచుండిరి. 1860లో చికాగోనగరమున రిపబ్లికను సభ జరిగినప్పుడు సివార్డే అభ్యర్థి యగునని పెక్కురు నమ్మిరి. ఆయన నివసించు ఆబర్ను పట్టణమున విజయము చాటుటకై ఫిరంగిని సైతము సిద్ధపఱచిరి. మొదటి విడత సివార్డుకు 173½ వోట్లు, లింకనుకు 102 వచ్చెను. మూడవ విడతకు లింకను గెలిచెను. ఫిరంగితో పని లేకపోయెను. సివార్డుకు మిత్రులెందఱో విరోధులును అందఱు. లింకను పెక్కురకు మొదటి కోరిక కాకున్నను రెండవ కోరిక యయ్యెను. 1924లో డెమోక్రాటులకు 103 విడతలు పట్టెను. మెకడూ, స్మిత్తు అను నిరువురు పోరి పోరి అలసిన పిదప డేవిసు అను మూడవవానికి ఆ గౌరవము దక్కెను.

1968లో హంఫ్రీ ఒక్క రాష్ట్రపు ప్రాథమిక ఎన్నికయందును పోటీచేయకయే అభ్యర్థి యయ్యెను. దానివలన రేగిన ఆగ్రహముచే 1972 నాటికి నియమములు మాఱినవి. నాటినుండి ఒక్కొక్క రాష్ట్రమున సామాన్యులు వేయు వోట్లే ప్రతినిధులు ఎవరిపక్షమున నుండవలెనో నిర్ణయించుచున్నవి. మహాసభ చాలవఱకు ముద్రవేయుటకే కూడుచున్నది. 1976లో దేశమున అంతగా పేరులేని కార్టరు, ముందుగా సాగిన అయోవాలో తక్కిన పోటీదారులను మించి, తుదకు అధ్యక్షుడే యయ్యెను. పూర్వము పదిమంది నాయకుల మనస్సు తెలిసిన చాలును. ఇప్పుడు లక్షలమంది మనస్సు తెలియవలెను.

ఉపాధ్యక్షపదవి మంచి మెట్టే. ఆ పదవియందుండియే 1960లో నిక్సను, 1968లో హంఫ్రీ, 1988లో బుషు, 2000లో గోరు, 2024లో హారిసు అభ్యర్థులైరి. వీరిలో ఆ యెన్నికను గెలిచినవాడు బుషు ఒక్కడే. మాజీ ఉపాధ్యక్షులైన క్వేలు 1999లోను, పెన్సు 2023లోను వోట్లు పడకమున్నే పోటీనుండి విరమించిరి. పెన్సుగారు తాను కొలిచిన ట్రంపుతోనే విరోధపడినవారు. పక్షములోని సామాన్యులు ట్రంపునే అనుసరించిరి.

రెండుమారులు ఎన్నికైన ట్రంపునకు 1951 నాటి రాజ్యాంగసవరణ మూడవమారు ఎన్నికను నిషేధించుచున్నది. కావున వాన్సుగారి పేరు ముందు వినబడుటకు కారణము కలదు. అయినను ఆయన విషయమున గమనింపవలసినవి రెండు: ట్రంపు ననుసరించువారు కడవఱకు ఆయన వెంట నుందురా, 2028 ఆరంభమున మొదట వోటుచేయు రాష్ట్రములవారు ఎవరి పేరు చెప్పుదురు.