కరెంట్ పోతే సిగ్నల్ ఎందుకు ఆరిపోతుంది? బ్యాటరీ పెడితే ఎన్ని గంటలు వెలుగుతుంది?

హైదరాబాద్: ఏప్రిల్, మే నెలల్లో నగరవాసులకు ఇది కొత్తేం కాదు. సాయంత్రం మబ్బు కమ్ముతుంది, ఈదురుగాలి లేస్తుంది, ఎక్కడో చెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. కరెంట్ పోతుంది. ఒకవైపు ఆఫీసులు వదిలే టైం, మరోవైపు రోడ్డు మీద నీళ్లు. సరిగ్గా అప్పుడే చౌరస్తాలో సిగ్నల్ ఆరిపోతుంది.

పోయిన ఎండాకాలం అలాంటి ఓ సాయంత్రం అమ్మీని డాక్టర్‌కు చూపించి బండి మీద ఇంటికి తీసుకొస్తున్నా. చౌరస్తాలో నాలుగు వైపుల నుంచి బండ్లు ఒకేసారి దూరాయి. మధ్యలో అంబులెన్స్ ఇరుక్కుంది. సైరన్ మోగుతూనే ఉంది, కదలడానికి జాగా లేదు. చివరికి పండ్ల బండి పెట్టుకునే ఓ చాచా, ఇద్దరు కుర్రాళ్లు వానలో తడుస్తూ నిలబడి ఒక్కో వైపు ఆపి దారి చేశారు. పక్కనున్న మొబైల్ షాపులో మాత్రం ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతున్నాయి. అది చూసి అమ్మీ అడిగింది: "దుకాణానికున్న బ్యాటరీ సిగ్నల్‌కు ఎందుకు లేదు బేటా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే తేలిన సంగతులు ఇవి.

సిగ్నల్‌కు ఎంత కరెంట్ కావాలి?

సిగ్నల్ కూడా మన ఇంటిలాగే డిస్కం లైన్ నుంచి 230 వోల్టుల కరెంట్ తీసుకుంటుంది. చౌరస్తా మూలన కనిపించే ఇనుప పెట్టెలో కంట్రోలర్ ఉంటుంది. ఏ వైపు ఎన్ని సెకన్లు పచ్చ లైట్ వెలగాలో చెప్పే చిన్న కంప్యూటర్ అది. లైన్‌లో కరెంట్ లేకపోతే కంట్రోలర్, లైట్లు రెండూ ఆగిపోతాయి.

పాత రోజుల్లో సిగ్నల్‌లో ఒక్కో బల్బు 60 నుంచి 150 వాట్ల దాకా తాగేది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్‌కు 8 నుంచి 15 వాట్లు చాలు. మొత్తం లెక్కను మార్చేసింది ఇదే. ఉదాహరణకు ఒక మామూలు చౌరస్తా తీసుకుందాం. వైపుకు నాలుగు చొప్పున 16 సిగ్నళ్లు, ఒక్కోదాంట్లో ఒకసారికి ఒక లైటే వెలుగుతుంది. లైట్‌కు 12 వాట్లు వేసుకుంటే 192 వాట్లు. పాదచారుల లైట్లు 8, ఒక్కోటి 8 వాట్లు అంటే 64. కంట్రోలర్‌కు ఓ 44 కలిపితే మొత్తం 300 వాట్లు. నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత కరెంట్ మాత్రమే.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు పెడితే 3,600 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి సగమే వాడాలి, అంటే 1,800. ఇన్వర్టర్‌లో పోయేది పోగా 1,500 మిగిలిందనుకుందాం. 300 వాట్ల చొప్పున 5 గంటలు నడుస్తుంది. అదే పాత బల్బులైతే గంట కూడా రాదు. అంటే ఎల్‌ఈడీ వచ్చాక బ్యాకప్ పెట్టడం పెద్ద ప్రాజెక్టేం కాదు.

ఇంటి ఇన్వర్టర్ తెచ్చి పెడితే సరిపోదా?

పూర్తిగా సరిపోదు. ఇంట్లో కరెంట్ పోయినప్పుడు ఫ్యాన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరుగుతుంది, మనకు ఇబ్బంది లేదు. కానీ కంప్యూటర్ ఆ క్షణంలోనే ఆఫ్ అవుతుంది. అందుకే ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అని వేరే స్విచ్ ఉంటుంది. సిగ్నల్ కంట్రోలర్‌ది కూడా కంప్యూటర్ బాధే. కొన్ని మిల్లీసెకన్లలో బ్యాటరీ మీదకు మారకపోతే అది రీస్టార్ట్ అవుతుంది. ఆ కాసేపట్లోనే చౌరస్తా బిగుసుకుపోతుంది.

మంచి సిస్టమ్‌లో ఇంకో తెలివి ఉంటుంది. బ్యాటరీ ఒక స్థాయికి దిగగానే మామూలు సిగ్నల్ ఆపేసి, లైట్లను మినుకుమినుకుమనే పద్ధతిలోకి మారుస్తుంది. లైట్ సగం సేపే వెలుగుతుంది కాబట్టి ఉన్న చార్జ్ ఇంకొంత సేపు వస్తుంది. చౌరస్తా పూర్తిగా చీకటి కాదు, వచ్చే బండివాడికి దూరం నుంచే హెచ్చరిక అందుతుంది. కెమెరాలు, పెద్ద డిస్‌ప్లే బోర్డులు కూడా అదే బ్యాటరీకి తగిలిస్తే మాత్రం ఈ లెక్కంతా తప్పుతుంది. కరెంట్ లేనప్పుడు ముందు సిగ్నల్ వెలగాలి, మిగతావి తర్వాత.

అసలు శత్రువు ఎండ

బ్యాటరీ జీవితాన్ని సాధారణంగా 25 డిగ్రీల వేడికి లెక్కగడతారు. ఆపైన దాదాపు ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు పక్కన ఎండలో కాలే ఇనుప పెట్టె లోపల ఇంకా ఎక్కువ.

నేను బీకాం చదివినవాణ్ని కాబట్టి దీన్ని డబ్బుల్లో చూస్తా. మార్కెట్‌లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ సుమారు 15 వేలు అనుకుంటే రెండింటికి 30 వేలు. ఐదేళ్లు వస్తే ఏడాదికి 6 వేలు. ఎండకు రెండున్నరేళ్లకే పోతే ఏడాదికి 12 వేలు, అంటే నెలకు వెయ్యి రూపాయలు. ఒక చౌరస్తాకు అది భారమేం కాదు. సమస్య ఎక్కడంటే, కొనడం ఒక్కసారి పెట్టే ఖర్చు, దానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్లు శుభ్రం చేయడం, నెలకోసారి లైన్ ఆపి పరీక్షించడం ఏటా పెట్టే ఖర్చు. దానికి ఫొటోలు ఉండవు. పరీక్షించకపోతే బ్యాటరీ చచ్చిందన్న సంగతి కరెంట్ పోయిన రోజే తెలుస్తుంది. కాగితం మీద బ్యాకప్ ఉంటుంది, రోడ్డు మీద ఉండదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు మొదట ఖరీదు ఎక్కువ. కానీ వాటిని ఎక్కువ లోతుగా వాడొచ్చు, నీళ్లు పోసే పని లేదు, ఎక్కువ ఏళ్లు వస్తాయి. సీసానికి తుక్కు మార్కెట్‌లో గిరాకీ ఉంది కాబట్టి లెడ్ బ్యాటరీలకు దొంగల భయం కూడా ఉంటుంది. పెట్టెకు గట్టి తాళం, కాస్త నీడ, గాలి ఆడే ఏర్పాటు ఏ బ్యాటరీకైనా కావాలి.

పెద్ద నగరాలు నేర్చుకున్న పాఠం

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో గ్రిడ్ కూలినప్పుడు న్యూయార్క్‌లో 11 వేలకు పైగా సిగ్నళ్లు ఆరిపోయాయి. అక్కడ కూడా మామూలు జనమే రోడ్డు మధ్యలో నిలబడి ట్రాఫిక్ నడిపారు. మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు ఢిల్లీలో మెట్రో ఆగింది, సిగ్నళ్లు ఆరి రోడ్లు స్తంభించాయి. దక్షిణ గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండటంతో మనకు ఆ దెబ్బ తగల్లేదు. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ కూడా దేశ గ్రిడ్‌తో కలిసింది. కాబట్టి ఆ ధీమా ఇప్పుడు లేదు.

సిగ్నల్ ఆరితే మనమేం చేయాలి?

లైట్ లేదంటే ఇష్టం వచ్చినట్టు పొమ్మని కాదు. రూల్ ప్రకారం మెయిన్ రోడ్డులోకి వచ్చేవాళ్లు ఆ రోడ్డు మీద వెళ్లే బండ్లకు దారివ్వాలి. మిగతా చోట్ల కుడి వైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఎర్ర లైట్ మినుకుమంటే ఆగి, చూసి వెళ్లాలి. పసుపు మినుకుమంటే నెమ్మదిగా జాగ్రత్తగా వెళ్లాలి. అవతల ఖాళీ లేనప్పుడు చౌరస్తా మధ్యలోకి దూరొద్దు. అంబులెన్స్‌కు దారి మూసేది అక్కడే.

ఇక అడగాల్సింది కూడా మనమే. అన్ని చౌరస్తాలకు ఒకేసారి కుదరకపోతే ఉస్మానియా, నిలోఫర్, నిమ్స్ లాంటి ఆస్పత్రులకు వెళ్లే దారులతో మొదలుపెట్టొచ్చు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు ప్రశ్నలు చాలు: మా ఏరియాలో ఎన్ని సిగ్నళ్లకు బ్యాకప్ ఉంది? ఆ బ్యాటరీలు ఎప్పుడు పెట్టారు? చివరిసారి ఏ తేదీన పరీక్షించారు?

మూడో ప్రశ్న మర్చిపోవద్దు. వానలో తడుస్తూ నిలబడ్డ ఆ చాచా చేసిన పని నిజానికి ఎవరు చేయాల్సిందో దాని జవాబులోనే తెలుస్తుంది.